మిషన్ల గోడలు దాటిన డోర్నకల్ బిషప్పు అజరయ్య

డోర్నకల్: కూలి పనికో, బొగ్గుగనికో పక్క తాలూకాకు వలసపోయిన క్రైస్తవ కుటుంబం అక్కడి గుడికి వెళితే ఆరాధనలో కూర్చోనిచ్చేవారు గాని, ప్రభురాత్రి భోజనం దగ్గరకు వచ్చేసరికి చిక్కు వచ్చే రోజులు ఒకప్పుడు ఉండేవి. దేవుడు ఒక్కడే, గ్రంథం ఒక్కటే. కాని ఆ గుడి వేరే మిషన్‌ది. అక్కడి పాదిరికి గురుపట్టం ఇచ్చింది బిషప్పా, పెద్దల సభా అన్నది తేలనిదే బల్ల ముట్టరాదన్న నియమం కొన్ని సంఘాలలో గట్టిగా ఉండేది. ఈ తగవు పుట్టింది మన గడ్డ మీద కాదు. నాలుగు వందల ఏళ్ళ క్రితం స్విట్జర్లాండు, స్కాట్లాండు, ఇంగ్లాండు దేశాలలో పుట్టి, ఓడలెక్కి, మిషన్ దొరల పెట్టెలలో మన పల్లెలకు చేరింది.

ఆ తగవును పల్లె జనం నెత్తిన మోయనక్కరలేదని జీవితమంతా పాటుపడిన మనిషి మన డోర్నకల్‌లోనే ఉన్నారు. గుడి చూడటానికి వచ్చేవారిలో చాలామంది ఆయనను తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగానే గుర్తుపెట్టుకుంటారు. అది నిజమే. అయితే సంఘాల ఐక్యత కోసం ఆయన చేసిన పని అంతకంటె పెద్దది. ఆయనే వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

తమిళ పల్లె నుంచి

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే చిన్న ఊళ్ళో జన్మించారు. ఇప్పుడా ఊరు తూత్తుకుడి జిల్లాలో ఉంది. తండ్రి థామస్ వేదనాయగం ఆంగ్లికన్ పల్లె పాదిరి. అజరయ్యకు పదిహేనేళ్ళు నిండేసరికే తండ్రి పోయారు. తల్లి కట్టుదిట్టంగా పెంచింది. నాడార్ కులం వారు ఆ రోజుల్లో ఎన్ని అవమానాలు పడేవారో చెప్పనక్కరలేదు. కులం గోడ ఎంత ఎత్తు ఉంటుందో ఆయనకు ఒకరు నేర్పవలసిన పని లేకపోయింది.

చదువు కోసం మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళారు. గణితం పరీక్ష ముందర జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాలేదు. ఆ కాలేజీని నడిపింది స్కాట్లాండు ప్రెస్బిటేరియన్లు. ప్రిన్సిపాలు విలియం మిల్లర్ కూడా ఆ సంఘం గురువే. బిషప్పుల సంఘంలో పుట్టిన కుర్రవాడు బిషప్పులే వద్దనే సంఘం వారి దగ్గర చదువుకున్నాడన్నమాట.

ఇక్కడ ఆ బిషప్పుల గొడవ ఏమిటో కాస్త చెప్పుకోవాలి. పదహారో శతాబ్దంలో జెనీవా పట్నంలో జాన్ కాల్విన్ బోధ నుంచి పెరిగిన సంఘాలను సంస్కరణ సంఘాలు అంటారు. స్కాట్లాండులో వాటికే ప్రెస్బిటేరియన్ సంఘాలని పేరు. వీరి లెక్కలో గురువులందరూ సమానులే. ఒక గురువు మీద మరొక గురువు అధికారిగా ఉండరాదు. గురువులు, సంఘ పెద్దలు కలిసిన సభే సంఘాన్ని నడపాలి. ఆంగ్లికన్ల మాట వేరు. అపొస్తలుల కాలం నుంచి చేతులు మారుతూ వచ్చిన బిషప్పుల వరుస తెగరాదు, గురుపట్టం బిషప్పు చేతనే జరగాలి అంటారు. మూడో రకం కాంగ్రిగేషనల్ సంఘాలవారు. ఏ ఊరి సంఘానికి ఆ ఊరి సంఘమే పెద్ద అంటారు. ఇవి గాక, రక్షణ పొందేవారిని దేవుడు ముందే ఏర్పరచుకున్నాడా, మనిషికి ఎంచుకునే వీలుందా అన్న వాదం సంస్కరణ సంఘాలకూ మెథడిస్టులకూ మధ్య ఉంది. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వవచ్చునా అని బాప్టిస్టులతో మరొక వాదం. వీటి మీద యూరపులో రక్తం కూడా పారింది. ఇందులో ఒక్కటి కూడా నాగలి పట్టే మనిషికి అక్కరకు వచ్చే సంగతి కాదని అనిపించవచ్చు. కాని ఆ సంఘాలవారికి అవి తాతముత్తాతలు ప్రాణాలు పెట్టి నిలుపుకున్న నమ్మకాలు. తేలికగా వదులుకోమంటే వదులుకోలేరు. అజరయ్యకు ఈ సంగతి బాగా తెలుసు.

డోర్నకల్ బాట

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. అన్ని సంఘాల యువకులు కలిసి పనిచేసే సంస్థ అది. దక్షిణాది అంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం లేకుండా, ఆడంబరం లేకుండా పెళ్ళాడారు. ఆమె ఆ కాలంలో కాలేజీ మెట్లెక్కిన బహు కొద్దిమంది తమిళ క్రైస్తవ స్త్రీలలో ఒకరు.

1902లో సింహళంలోని యాఫ్నాకు వెళ్ళినప్పుడు ఒక సంగతి ఆయన మనసులో నాటుకుంది. అక్కడి తమిళ క్రైస్తవులు, అమెరికన్ కాంగ్రిగేషనల్ మిషన్ సంఘాలవారు, తమ డబ్బుతో తామే సువార్తికులను పంపుకుంటున్నారు. తిరునల్వేలిలో అంతకంటె పెద్ద సంఘం ఉండి కూడా అన్నిటికీ తెల్లదొరల చెయ్యి చూస్తున్నదే అని సిగ్గుపడ్డారు. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీ ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని మన మానుకోట ప్రాంతం, మకాం డోర్నకల్. 1905 క్రిస్మస్ నాడు బెంగాలులోని శ్రీరాంపురంలో అన్ని సంఘాలవారూ కలిసి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టారు. అందులోనూ ఆయనే ముందున్నారు.

ఇతరులను పంపుతూ తాను పట్నంలో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో పట్టం పుచ్చుకుని తానే డోర్నకల్ వచ్చేశారు. అప్పుడు డోర్నకల్ అంటే రైలు జంక్షను, చుట్టూ అడవి. గుడారం వేసుకుని బతికారు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకుని, తెలుగులోనే ప్రసంగించేదాకా వచ్చారు. మన భాషను అంత శ్రద్ధగా నేర్చుకున్న పొరుగు రాష్ట్రం వారు ఆ రోజుల్లో ఎక్కువమంది లేరు.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యి మందికి పైగా ప్రతినిధులు వస్తే ఆసియా దేశాలవారు ఇరవై మంది కూడా లేరు. ఆ సభలో అజరయ్య నిలబడి, దొరలు డబ్బూ త్యాగమూ ఇస్తున్నారు గాని దేశీయులను స్నేహితులుగా చూడటం లేదని నిర్మొహమాటంగా చెప్పారు. కొందరు దొరలకు అది గుచ్చుకుంది.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదలతో 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెతెడ్రల్‌లో అజరయ్యకు బిషప్పు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. నల్లవాడి కింద తెల్ల పాదిరులు పనిచేయడమా అని కొందరు దొరలు గొణిగారు. మనవారిలోనూ కొందరు అసూయపడ్డారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు, పనిలోకి దిగారు.

తండ్రిగారు

ఎడ్లబండి మీద, సైకిలు మీద గూడెం గూడెం తిరిగేవారు. పల్లెవారు ఆయనను తండ్రిగారూ అని పిలిచేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లెను పీడించే దయ్యాలని చెప్పి వాటి మీద యుద్ధమే చేశారు. బడులు, వైద్యశాలలు, పరపతి సంఘాలు, అచ్చు యంత్రం వచ్చాయి. పల్లెలో చదువు చెప్పే ఉపాధ్యాయులను డోర్నకల్ రప్పించి, తర్ఫీదు ఇచ్చి, తగినవారికి గురుపట్టం ఇచ్చేవారు. వారి భార్యలకు చదువు, ఇంటి శుభ్రం నేర్పే బాధ్యతలో అన్బమ్మగారు పాలుపంచుకున్నారు. 1912లో 57,000 దాకా ఉన్న డయాసిస్ క్రైస్తవుల సంఖ్య 1941 నాటికి 2,20,000 దాటింది. నడుమ 1920లో డయాసిస్ హద్దులు పెరిగి కృష్ణా, కర్నూలు సీమల సంఘాలు కూడా దానిలో చేరాయి. 1930ల నడుమకు దేశీయ గురువులు సుమారు 250 మంది, పల్లె ఉపాధ్యాయులు 2,000 మందికి పైగా ఉన్నారు.

ఈ చేరికల మీద గాంధీ మహాత్మునికీ ఆయనకూ 1930లలో గట్టి అభిప్రాయభేదం వచ్చింది. పేదవాడు మతం మారితే ఆలోచించి మారినట్టు కాదని గాంధీగారి వాదన. పేదవాడికీ మనసు ఉంటుందని, తన దారి తాను ఎంచుకోగలడని అజరయ్య వాదన. ఆ చర్చ వేరే పేజీ అడుగుతుంది.

మన కథకు కావలసింది, ఆ తిరుగుళ్ళలో ఆయన కంట్లో పడిన సంగతి. తెలుగునాట మిషన్లు తమలో తాము పొలాలు పంచుకున్నాయి. బందరు, బెజవాడ ప్రాంతాలలో ఆంగ్లికన్లు, గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులో బాప్టిస్టులు, మెదకులో వెస్లియన్ మెథడిస్టులు, కడప, జమ్మలమడుగు, గుత్తిలో లండన్ మిషన్ వారు, మదనపల్లెలో అమెరికా సంస్కరణ సంఘంవారి ఆర్కాటు మిషన్. మనిషి ఏ నమ్మకం మీద ఏ సంఘంలో చేరాడని అడిగితే జవాబు లేదు. పుట్టిన ఊరు ఏ మిషన్ వాటాలో పడితే అదే అతని సిద్ధాంతం. కాల్విన్ పేరు వినని మనిషి కాల్విన్ సంఘస్థుడు. ఇంగ్లాండు రాజు ఎవరో తెలియని మనిషి ఇంగ్లాండు సంఘస్థుడు.

దీనికి తోడు మరో ముడి పడింది. ఒక మిషన్‌లో ఎక్కువమంది మాలలు, పక్క మిషన్‌లో ఎక్కువమంది మాదిగలు. దాంతో మిషన్ గోడ కాస్తా కులం గోడకు ఆసరా అయింది. మా మిషన్, మీ మిషన్ అనే మాట చాటున మా వాడ, మీ వాడ అనే పాత మాట దాక్కుంది. తన డయాసిస్‌లో రెండు కులాలవారూ ఒకే బల్ల దగ్గర మోకరించాలని అజరయ్య పట్టుబట్టారు. అన్నిచోట్లా నెగ్గారని చెప్పలేం. కాని ఆ పట్టు విడవలేదు. సంఘాలు విడివిడిగా ఉన్నన్నాళ్ళు ఈ గోడ కూలదని ఆయనకు అక్కడే తెలిసివచ్చింది.

తరంగంబాడిలో రెండు రోజులు

1919 మే 1, 2 తేదీలలో తమిళ తీరాన తరంగంబాడిలో ముప్పై ముగ్గురు పాదిరులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. 1706లో జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గు దిగింది ఆ రేవులోనే. ఒక వంక అజరయ్య, మరొక వంక దక్షిణ ఇండియా ఐక్య సంఘానికి చెందిన వి. శాంతియాగో. ఈ ఐక్య సంఘం 1908లోనే ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు కలిసి కట్టుకున్నది. అంటే మన మదనపల్లె, కడప సంఘాల మిషన్లవారు అప్పటికే ఒక ఇంటివారయ్యారు. సంస్కరణ సంఘాల పాత తగవులలో సగం అలా ముందే తీరాయి.

తీరనిది బిషప్పుల సంగతి. తరంగంబాడిలో వారు నాలుగు మాటల మీద కుదురుకున్నారు: బైబిలు, రెండు పురాతన విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు, నాలుగోది బిషప్పుల వరుస. నాలుగోదానికి ఒక మెలిక పెట్టారు. బిషప్పు ఉంటాడు, కాని రాజులా కాదు. సంఘం ఎన్నుకోవాలి, నిబంధనలకు లోబడాలి. బిషప్పుల పదవి గురించి ఫలానా సిద్ధాంతమే నమ్మాలని ఎవరినీ బలవంతపెట్టరాదు. పెద్దల సభా ఉంటుంది, ఊరి సంఘం మాటా చెల్లుతుంది. మూడు రకాల సంఘాలలోని మంచి మూడూ ఒక తాటి మీదికి తేవాలని ఉద్దేశం.

రెండు రోజులలో కుదిరిన మాట అమలులోకి రావడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1920లో సంయుక్త సంఘం కూర్చుంది. 1925లో వెస్లియన్ మెథడిస్టులు వచ్చి చేరారు. 1929లో ఐక్యతా పథకం అచ్చయింది. తరువాత పలుమార్లు సవరించారు. చర్చలన్నీ ఇంగ్లీషులో సాగాయి. ఎవరి భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నారో ఆ గూడెం జనానికి ఆ కాగితాలు అర్థమయ్యేవి కావు. ఈ లోటు ఒప్పుకోవలసిందే.

అసలు చిక్కు ఎక్కడంటే, బిషప్పు చేతులు ఉంచకుండా పట్టం పొందిన పాత గురువులను ఏం చేయాలి? వారికి మళ్ళీ పట్టం ఇస్తామంటే, ఇన్నేళ్ళూ మేమిచ్చిన బాప్తిస్మాలు, మేము పంచిన బల్ల ఉత్తదేనా అని సంస్కరణ సంఘాల గురువులకు మండుతుంది. ఇవ్వకపోతే, బిషప్పుల వరుస తెగిపోయిందని ఆంగ్లికన్లకు మండుతుంది. 1930లలో ఐక్య సంఘంవారు మరో మాట లేవదీశారు. గురువు లేని పల్లెలో సంఘ పెద్ద కూడా ప్రభు భోజనం ఇవ్వవచ్చునా అని. ఈ ప్రశ్న మీద సంబంధం తెగిపోయేంత పని అయింది.

చివరకు కుదిరిన ఏర్పాటు ఇది. ఉన్న గురువులందరినీ ఉన్నట్టుగానే, తిరిగి పట్టం లేకుండా, ఒకే సంఘం గురువులుగా అంగీకరించాలి. ఇకమీదట ఇచ్చే పట్టాలు మాత్రం బిషప్పు చేతనే జరగాలి. ముప్పై ఏళ్ళ గడువులో పాతవారు వెళ్ళి కొత్తవారు వస్తారు. ఈలోగా ఏ ఊరి సంఘం మీదా దాని మనస్సాక్షికి సరిపడని గురువును రుద్దరాదు. ఇద్దరన్నదమ్ముల పొలం గట్టు తగవులో గట్టు ఎవరిదో తేల్చకుండా, ఈ పంట నుంచి కలిసి దున్నుకోమని పెద్దమనిషి తీర్పు చెప్పినట్టుంది ఇది. గట్టు మాట మిగిలే ఉంది, కాని సేద్యం ఆగలేదు.

అజరయ్య పని ఇందులో అన్నిటికంటె కష్టమైనది. ఆయన తానే బిషప్పు. ఏ పదవి కోసం తనవారు పట్టుబడుతున్నారో ఆ పదవి తన ఒంటి మీదే ఉంది. బిషప్పు లేకుండానే సంఘం సంఘమవుతుందని ఒప్పుకుంటే తన కొమ్మ తానే నరుక్కుంటున్నాడని ఆంగ్లికన్లలో గట్టివారు తప్పుపట్టారు. బిషప్పు ఉండాలంటే ఇదంతా మమ్మల్ని మింగే ఎత్తు అని అవతలివారు అనుమానించారు. ఆయన ఇద్దరినీ వదలలేదు. 1927లో స్విట్జర్లాండులోని లొసేన్ మహాసభలో, పడమటి దేశాలలో ఐక్యత ఉంటే బాగుండునన్న కోరిక మాత్రమే, మా పల్లెలలో అది చావుబతుకుల సంగతి అని అర్థం వచ్చేలా మాట్లాడారు. 1930లో లండనులో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభలోనూ పథకం తరఫున నిలబడ్డారు.

ఇంగ్లాండులో అలజడి చల్లారలేదు. పేరుమోసిన ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకాన్ని దుయ్యబడుతూ చిన్న పుస్తకమే వేశారు. లండనులో కవిగారికి కనిపించింది వేయేళ్ళ వరుస తెగిపోవడం. డోర్నకల్ తండ్రిగారికి కనిపించింది ఒకే దేవుని పేరున రెండు బావుల నీళ్ళు తాగుతున్న ఊరు. ఇద్దరూ చూసింది నిజమే కావచ్చు. ఈ వ్యాసకర్త మాత్రం ఊరి పక్షమే.

ఐక్యత అంటే అందరూ ఒకే మూసలో ఉండాలని ఆయన అనుకోలేదు. అందుకు సాక్ష్యం డోర్నకల్ ఎపిఫనీ కెతెడ్రల్. కట్టడానికి పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తుకు వస్తుంది, స్తంభాలు చూస్తే దేవాలయ మండపం గుర్తుకు వస్తుంది. సిమెంటుతో ఇంగ్లాండు గుడి నకలు కట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

చూడకుండానే

1943లో మెథడిస్టులు పథకానికి సరేనన్నారు. ఆంగ్లికన్ల జనరల్ కౌన్సిల్ తీర్పు ఒక్కటీ వస్తే దారి తెరుచుకున్నట్టే. 1944 చివర పల్లెల పర్యటనలో ఆయనకు జ్వరం తగిలింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. డెబ్భై ఏళ్ళు. కొన్ని వారాలకే ఆ కౌన్సిల్ తన నాలుగు దక్షిణాది డయాసిస్‌లు ఐక్య సంఘంలో చేరడానికి అనుమతించింది. ఇరవై అయిదేళ్ళకు పైగా ఎదురుచూసిన వార్త వినడానికి ఆయన లేరు. 1946లో ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారి ఐక్య సంఘం కూడా ఒప్పుకుంది.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కెతెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. సి.ఎస్.ఐ. అని మనం పిలిచేది దీన్నే. సుమారు పది లక్షలమంది క్రైస్తవులు, పద్నాలుగు డయాసిస్‌లు. ఆ రోజు కొత్తగా అభిషేకం పొందిన బిషప్పులలో లెస్లీ న్యూబిగిన్ ఒకరు. స్కాట్లాండు సంఘం గురువు, ముప్పై ఏడేళ్ళవాడు. బిషప్పులే వద్దన్న సంఘం వాడు మదురై సీమకు బిషప్పయ్యాడు. బిషప్పుల సంఘాలూ బిషప్పులు లేని సంఘాలూ సంస్కరణ కాలం తరువాత ఈ విధంగా ఒకటి కావడం ప్రపంచంలో అదే మొదటిసారి.

అంతా సవ్యంగా జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. అజరయ్య సొంత డయాసిస్‌లోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది 1947లో చేరమని పక్కకు తప్పుకున్నారు. వారు సి.ఎస్.ఐ. గూటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇంగ్లాండు సంఘం కూడా కొన్నేళ్ళపాటు కొత్త సంఘంతో పూర్తి సహవాసం ఇవ్వలేదు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు అసలు చేరనే లేదు. అయినా 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టినప్పుడు లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వారు కలిసే పెట్టారు. తరువాత అది హైదరాబాదుకు మారింది. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చే సంఘం కుర్రవాడూ, ఇవ్వని సంఘం కుర్రవాడూ అక్కడ పక్కపక్క బల్లల మీద చదువుకుని పాదిరులై ఊళ్ళకు వస్తున్నారు.

అజరయ్య సమాధి డోర్నకల్‌లోనే, ఆయన కట్టించిన గుడి ఆవరణలో ఉంది.